ఆటపెట్టె చేద్దామా?

1972లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, సన్నీవేల్ ఊళ్ళో ఒక పానశాలలో కొత్త రకం యంత్రాన్ని పెట్టారు. చెక్కపెట్టెలో ఒక టెలివిజన్, తిప్పడానికి రెండు నాబ్‌లు, నాణెం వేసే కంత, అంతే. నాణెం వేస్తే తెర మీద తెల్లని చుక్క అటూ ఇటూ ఎగురుతుంది. గీతలాంటి బ్యాటుతో దాన్ని కొట్టాలి. ఆట పేరు 'పాంగ్'. కొద్ది రోజులకే యంత్రం పనిచేయడం లేదని కబురు వచ్చింది. దాన్ని తయారు చేసిన ఇంజనీరు ఆలన్ ఆల్‌కార్న్ వెళ్ళి తెరిచి చూశాడు. లోపం విద్యుత్ వలయంలో లేదు. నాణేల డబ్బా నిండిపోయి, కొత్త నాణెం దిగడానికి చోటు లేదు!

అలాంటి ఆటపెట్టెలను మీరు ఏ ఎగ్జిబిషన్‌లోనో, పెద్ద బజారులోనో చూసే ఉంటారు. బల్ల మీద పెట్టుకునేటంత చిన్నది ఇంట్లోనే చేసుకోవచ్చు. వడ్రంగం తెలిసిన పెద్దవారు ఒకరు పక్కనుంటే శని, ఆదివారాలు చాలు. రంగు ఆరే కాలం మాత్రం నేను లెక్కలో వేయలేదు.

పని చెక్కతో కాదు, తెరతో మొదలు పెట్టాలి. మూలపడిన కంప్యూటర్ మానిటర్ ఒకటి సంపాదించండి. 19 అంగుళాల తెర అంటే 19 దాని వెడల్పు కాదు, కర్ణం. పాత మానిటర్లలో చాలావాటికి వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 5:4. పైథాగరస్ సిద్ధాంతం గుర్తుంది కదా! 25, 16 కలిపితే 41. దాని వర్గమూలం సుమారు 6.4. కర్ణం 48 సెంటీమీటర్లు కనుక ఒక్కో భాగం 7.5 సెంటీమీటర్లు. అంటే తెర వెడల్పు సుమారు 37.5, ఎత్తు 30 సెంటీమీటర్లు. చట్రానికీ, వేళ్ళు దూరడానికీ కాస్త చోటు కలిపి పెట్టె లోపలి వెడల్పు 42 పెట్టుకోవచ్చు. అయినా టేపుతో ఒకసారి కొలిచి చూసుకోండి. లెక్క తప్పకపోవచ్చు గాని మానిటర్లన్నీ ఒక్కలా ఉండవు.

పెట్టెకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మంచిది. మామూలు పలక తేమకు ఉబ్బి, ఎండకు కుంచించుకుని వంకర తిరుగుతుంది. ఆ మార్పు పీచుకు అడ్డంగానే ఎక్కువ, పొడవునా చాలా తక్కువ. ప్లైవుడ్‌లో ఒక పొర పీచు నిలువుగా ఉంటే దాని పక్క పొర పీచు అడ్డంగా ఉంటుంది. ఒకటి సాగబోతే రెండోది పట్టి ఆపుతుంది. పొరల సంఖ్య సాధారణంగా బేసి. కనుక రెండు ముఖాల మీదా పీచు ఒకే దిక్కుకు ఉండి, లాగుడు రెండు వైపులా సమానమవుతుంది.

రెండు పక్క పలకలనూ విడివిడిగా కోయవద్దు. నేను మొదటి పెట్టెకు అలాగే కోశాను. కంటికి తేడా తెలియలేదు గాని బిగించాక తెర ఒక పక్కకు ఒరిగింది. ఒక పలక అర సెంటీమీటరు పొట్టి! చెక్క కోశాక అతకదు కదా, ఆ పలక పక్షుల గూటికి పనికొచ్చింది. రెండు ముక్కలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి, క్లాంపులతో బిగించి ఒకేసారి కోయండి. తప్పు జరిగినా రెండింట్లోనూ ఒక్కలాగే జరుగుతుంది.

తెరను కొంచెం వెనక్కు వాల్చండి. కుర్చీలో కూర్చుని చూసే కంటికి అది ఎదురుగా ఉంటుంది. మరీ వాలిస్తే ట్యూబులైటు ప్రతిబింబం అందులో కనిపిస్తుంది. అన్నట్టు, ప్రతిబింబాన్నే పనిలో పెట్టుకున్న పెట్టెలూ ఉన్నాయి. జపాన్‌లో తోమోహిరో నిషికాదో 1978లో తయారు చేసిన 'స్పేస్ ఇన్వేడర్స్' ఆట నిలువుపెట్టెలు కొన్నింటిలో తెర ఆటగాడికి ఎదురుగా ఉండదు. లోపల పడుకోబెట్టి ఉంటుంది. మీరు చూసేది సగం వెలుగును వెనక్కు పంపి, సగం లోపలికి వదిలే అద్దంలోని బొమ్మ. అద్దం వెనక చంద్రుని చిత్రం, దానికొక దీపం. రెండూ కలిసి, చంద్రుని ముందు శత్రువులు తేలుతున్నట్టు కనిపిస్తాయి. అద్దంలో బొమ్మ కుడి ఎడమలు మారతాయి కనుక తెర మీద ముందే మార్చి చూపేవారు.

ఇక చేతులాడే పలక. బటన్లకు సాధారణంగా 30 మిల్లీమీటర్ల రంధ్రాలు కావాలి (కొన్ని రకాలకు 28). డ్రిల్లు చేసేటప్పుడు కింద ఒక పాత చెక్క పెట్టండి, లేకపోతే అడుగు పొర చీలికలు లేస్తుంది. జాయ్‌స్టిక్ విప్పి చూస్తే ఆశ్చర్యపోతారు. అందులో నాలుగు దిక్కులా నాలుగు మైక్రోస్విచ్‌లు తప్ప మరేమీ లేవు! కర్రను కుడికి వంచితే దాని అడుగు ఎడమకు జరిగి అక్కడి స్విచ్‌ను నొక్కుతుంది. మూలకు వంచితే రెండు స్విచ్‌లు ఒకేసారి పడతాయి. 'టిక్' మనే చప్పుడు లోపలి స్ప్రింగు రేకుది. అది మెల్లగా కదలదు, ఒక్కసారిగా ఎగిరి రెండో వైపు తగులుతుంది. తగిలాక, నేల మీద పడిన బంతిలాగా కొన్ని మిల్లీసెకన్లు గెంతుతుంది. కంప్యూటర్‌కు అది నాలుగైదుసార్లు నొక్కినట్టు కనిపించవచ్చు. అందుకని మొదటి దెబ్బ తర్వాత కాసేపు ఏమీ పట్టించుకోకుండా ఉండేలా ప్రోగ్రాము రాస్తారు.

పెట్టెకు మెదడుగా 2012లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై వంటి అరచేతి కంప్యూటర్ చాలు. దానికి కావలసింది 5 వోల్టులే. వెనుక పలకకు అడుగున కొన్ని, పైన కొన్ని రంధ్రాలు పెట్టండి. వేడిగాలి పైనుంచి పోతూ ఉంటే చల్లగాలి కింది నుంచి వస్తుంది. ఒక్క హెచ్చరిక: బరువైన గాజు గొట్టం ఉన్న పాత టీవీని ఎవరిచ్చినా విప్పవద్దు. అందులో వేల వోల్టులు ఉంటాయి. ప్లగ్ తీసేసినా చాలాసేపు ప్రాణం తీసేటంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. పలుచని మానిటర్‌నైనా దాని డొక్క విప్పకుండా అలాగే బిగించండి.

పలక మూసే ముందు ప్రతి స్విచ్‌నూ టార్చి సెల్లు, చిన్న బల్బుతో పరీక్షించండి. మైక్రోస్విచ్‌కు మూడు కాళ్ళుంటాయి. ఒకటి ఉమ్మడి కాలు. రెండోది నొక్కితే కలిసేది, మూడోది నొక్కితే విడిపోయేది. మనకు కావలసినవి మొదటి రెండే. నొక్కినప్పుడు బల్బు వెలిగితే తీగలు సరిగా ఉన్నట్టు. నొక్కినప్పుడు ఆరితే మూడో కాలికి కలిపారన్నమాట. అలాగే వదిలేశారా, ఆటలో మీ తుపాకీ చెయ్యి తీస్తే పేలుతుంది, బటన్ నొక్కితే ఆగుతుంది!