టీచర్ల శిక్షణ కాస్త పక్కకు జరిగితే... పిల్లల పండగ నిలుస్తుంది!

సంక్రాంతి ముందురోజు సాయంత్రం బెంగళూరు మడివాళలో హొసూరు రోడ్డు పక్కన పది నిమిషాలు నిలబడి చూడండి. బడి నుంచి నేరుగా వచ్చిన పిల్లలు యూనిఫాం మార్చుకోకుండానే సూట్‌కేసుల మీద కూర్చుని ఉంటారు. నాన్న బస్సు ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్లో చూస్తుంటాడు. అమ్మ రెండో పిల్లాడికి టిఫిన్ డబ్బాలో మిగిలిన చపాతీ తినిపిస్తుంటుంది. మారతహళ్లిలో, కేఆర్ పురంలో కూడా ఇదే దృశ్యం. విజయవాడ, రాజమండ్రి, కాకినాడ, విశాఖ... అందరూ ఆ రాత్రికే బయల్దేరాలి. పిల్లల బడి అప్పుడే వదిలింది మరి.

ఏడాదిలో టికెట్ ధర కొండెక్కే రాత్రి అది. మామూలు రోజులకన్నా టికెట్‌కు వెయ్యి రూపాయలు పెరిగిందనుకుందాం. నలుగురున్న ఇంటికి రానూపోనూ అదనపు భారం ఎనిమిది వేలు. ఏ చిన్న కంపెనీలోనో గుమాస్తాగా, ఏ షాపులోనో సేల్స్‌మన్‌గా చేసేవాడు అంత డబ్బు పెట్టలేక ‘ఈసారి పండక్కి రాలేం నాన్నా’ అని ఊళ్లో ఉన్న తండ్రికి ఫోన్ చేస్తాడు. పిల్లలు తాతయ్యను వీడియో కాల్‌లో చూసి సరిపెట్టుకుంటారు.

2026 సంక్రాంతినే తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో బడులకు జనవరి 10 నుంచి 18 దాకా సెలవులు. కర్ణాటక సర్కారు సెలవుల పట్టికలో సంక్రాంతికి ఉన్నది ఒక్క రోజు, 15వ తేదీ గురువారం. భోగినాడు బడి, కనుమనాడు బడి. ఇందులో కర్ణాటకను తప్పుపట్టడానికేమీ లేదు. అక్కడి పెద్ద పండగ దసరా, దానికి రెండు వారాలకు పైగా సెలవులు ఇస్తారు. ఆ నేల ఆనవాయితీ అది. పండగ సెలవులు పెంచమని అడగడం కాదు ఈ కథనం ఉద్దేశం. బడుల చేతిలో ఇప్పటికే ఉన్న రోజులు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి చూద్దాం.

అవే టీచర్ల శిక్షణ రోజులు. ప్రతి టీచరూ ఏటా కనీసం 50 గంటల శిక్షణ పొందాలన్నది 2020 జాతీయ విద్యావిధానం మాట. సీబీఎస్‌ఈ బడుల్లో అందులో సగం, అంటే 25 గంటలు, బడి తనంతట తాను ఏర్పాటు చేసుకోవచ్చు. రోజుకు ఆరు గంటల లెక్కన నాలుగు రోజులు. చాలాచోట్ల వీటిని జూలైలో ఓ శనివారం, నవంబరులో ఓ బుధవారం అన్నట్టు తలోచోట వేస్తారు. ‘రేపు టీచర్లకు ట్రైనింగ్, పిల్లలకు సెలవు’ అని ముందురోజు వాట్సాప్‌లో సందేశం వస్తుంది. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగస్తులైతే ఆ ఒంటరి సెలవు పూట బిడ్డను ఎవరి దగ్గర వదలాలన్నదే పెద్ద బెంగ. ఊరెళ్లడానికి చాలదు, ఇంట్లో ఉంచడానికి మనిషి లేదు.

ఆ నాలుగు శిక్షణ రోజుల్లో మూడింటిని 2026 జనవరి 14, 16, 17 తేదీల్లో పెట్టి ఉంటే? భోగి నుంచి ఆదివారం దాకా పిల్లలకు వరసగా ఐదు రోజులు దక్కేవి. విద్యాహక్కు చట్టం అడిగే పనిదినాలు, అయిదో తరగతి వరకు 200, ఆరు నుంచి ఎనిమిది వరకు 220, వాటిలో ఒక్కటీ తగ్గదు. టీచర్ల శిక్షణలో ఒక్క గంటా పోదు. కొన్ని బడులు ఆ వారం ముందువైపు, కొన్ని వెనకవైపు శిక్షణ పెట్టుకుంటే జనమంతా ఒకే రాత్రి బస్సు కోసం ఎగబడే పరిస్థితి కూడా కొంత సడలుతుంది.

ఇది గాలిలో మేడ కాదు. ఇంగ్లండులో సర్కారు బడి టీచరు ఏటా 195 రోజులు పనికి రావాలి, పిల్లలు మాత్రం 190 రోజులే. తేడా ఉన్న ఐదు రోజులూ శిక్షణవి. 1980ల చివర్లో విద్యామంత్రి కెన్నెత్ బేకర్ తెచ్చారు కాబట్టి వాటికి ‘బేకర్ డేస్’ అని పేరు పడింది. బడి రోజుల్లో పిల్లల్ని విహారానికి తీసుకెళితే అక్కడ జరిమానా. 2024 ఆగస్టు నుంచి అది 80 పౌండ్లు, తల్లికి వేరే, తండ్రికి వేరే. అందుకే కొన్ని బడులు ఐదు శిక్షణ రోజుల్నీ ఒకే వారంలోకి చేర్చి, ఊరంతా బడుల్లో ఉన్నప్పుడు తమ పిల్లలకు సెలవు ఇస్తున్నాయి. విమానాలూ హోటళ్లూ చౌకగా దొరికే వారం అది. ఫ్రాన్స్ మరో దారి పట్టింది. దేశాన్ని మూడు మండలాలు చేసి శీతకాలం, వసంతకాలం సెలవుల్ని వేర్వేరు వారాల్లో ఇస్తుంది.

మరి టీచర్లకు పండగ వద్దా? ఈ ప్రశ్నను దాటేయడం అన్యాయం. బెంగళూరు ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్పేవాళ్లలో మన తెలుగింటి ఆడపడుచులు ఎందరో. పిల్లలు ఊరెళితే వాళ్లు మాత్రం కనుమనాడు శిక్షణ తరగతిలో కూర్చోవాలా? దీనికీ ఇంగ్లండులో ఓ పద్ధతి ఉంది. బడి వదిలాక సాయంత్రం రెండేసి గంటల చొప్పున మూడుసార్లు కూర్చుంటే ఒక రోజు శిక్షణ అయిపోయినట్టే. ఆ రోజు టీచరుకూ సెలవు. అయితే ఇది వాళ్లను అడిగి, ఒప్పించి చేయాలి. ఇంటి చాకిరీ ఎదురుచూసే మనిషిని సాయంత్రం మరో రెండు గంటలు ఆపడం చిన్న విషయం కాదు.

ప్రభుత్వ బడుల లెక్క వేరు. అనంతపురం, పాలమూరు నుంచి కూలికి వచ్చినవాళ్ల పిల్లలకు బడి మూత అంటే మధ్యాహ్నం అన్నం పోవడమే. వాళ్లకు సెలవులు గుదిగుచ్చడం కన్నా ఏ రోజు మూస్తారో ముందే చెప్పడం ముఖ్యం. 2025 అక్టోబరులో కర్ణాటకలో ఏమైంది? దసరా సెలవులు ముగిసి 8న బడులు తెరవాలి. సామాజిక, విద్యా సర్వే పనిలో టీచర్లు ఉన్నారని సర్కారీ, ఎయిడెడ్ బడులకు 18 దాకా సెలవులు పొడిగిస్తున్నట్టు 7న ప్రకటించారు. తలచుకుంటే రోజులు జరపవచ్చని అది రుజువు చేసింది. కానీ ముందురోజు చెప్పిన సెలవు ఏ కుటుంబానికీ అక్కరకు రాదు.

రైల్వే 2024 నవంబరు 1 నుంచి ముందస్తు బుకింగ్‌ను 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గించింది. జనవరి 13 రాత్రి రైలు ఎక్కాలంటే నవంబరు 14 ఉదయమే టికెట్ కోసం కూర్చోవాలి. ఆనాటికి బడి తేదీలు తెలియకపోతే మిగిలేది తత్కాల్, లేదంటే ప్రైవేటు బస్సువాడు చెప్పిన రేటు. అందుకే శిక్షణ తేదీలు జూన్‌లోనే, పిల్లల డైరీలో అచ్చయి రావాలి.

వచ్చే ఏడాది క్యాలెండర్‌ను చాలా బడులు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ఖరారు చేస్తాయి. ఆలోపు మీ అపార్ట్‌మెంట్‌లో పది కుటుంబాలు కలిసి ప్రిన్సిపల్‌కు ఒక వినతిపత్రం ఇవ్వండి. శిక్షణ రోజుల్లో రెండైనా సంక్రాంతికి ఆనించమనండి, తేదీలు ముందే చెప్పమనండి. టీచర్ల అభిప్రాయం కూడా తీసుకోమని అందులోనే రాయండి.