ఆటలో అవతారము

అనంతపురము జిల్లాలో కొండకోట క్రింద వెలసిన రాయదుర్గము వానలు చాలని సీమలోని పట్టణము. సేద్యమును నమ్ముకొనలేక అచ్చట అనేక కుటుంబములు జీన్సు ప్యాంట్లు కుట్టి జీవించుచున్నవి. ఒకే కొలతకు కుట్టిన వందలాది ప్యాంట్లు అంగడికి పోవును. కాని తన కొలత నిచ్చి, జేబు ఎచ్చట ఉండవలెనో తానే చెప్పి కుట్టించుకొన్న దానిపై మనిషికి గల మమకారము వేరు. వీడియో ఆటలలోని పాత్రల విషయమును ఇట్టిదే.

కొన్ని ఆటలలో పాత్ర సిద్ధముగా నుండును. ఆడువాడు దానిని నడిపించును, అంతే. మరికొన్నింటిలో ముఖము, మేనిచాయ, జుట్టు, దుస్తులు, పేరు ముందుగా ఎన్నుకొనవలెను. బాలుడు ఆ ముఖము దిద్దుటకే అరగంట గడపును. పెద్దలకిది వట్టి కాలహరణముగా తోచును. వాని కప్పుడే ఆట ఆరంభమైనది! తరువాత ఆ పాత్ర గోడపైనుండి జారినచో "వాడు పడినాడు" అనడు, "నేను పడితిని" అనును. గెలుపు రుచించుటయు, ఓటమి నొప్పించుటయు అందువలననే.

తోలుబొమ్మలాట ఎరిగినవారికిది వింత కాదు. 2022 వరకు అనంతపురము జిల్లాలో నుండి, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన నిమ్మలకుంట ఈ కళకు పేరుపొందిన గ్రామము. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. కళాకారులు మేకతోలును వెలుగు చొరునంత పలుచన చేసి, రంగులు దిద్ది, నగల చోట సన్నని రంధ్రములు తొలుతురు. తెర వెనుక దీపము వెలిగినప్పుడు ఆ నగలు మెరయును. రాముడు రాముడుగానే కనబడవలెను. హారమున ఎన్ని పేటలుండవలెనన్నది మాత్రము చేసినవాని యిష్టము. ఆ బొమ్మ మోచేయి ఎంతవరకు వంగునో కీలు కట్టినవానికి తెలిసినట్లు ఇతరులకు తెలియదు.

ఆటలోని రూపమునకు ఇంగ్లీషువారును "అవతార్" అనియే పేరిడిరి. 1985లో రిచర్డ్ గారియట్ రూపొందించిన "అల్టిమా 4" అను ఆటలో, సత్యము, కరుణ మున్నగు గుణములలో దేనిని మిన్నగా నెంచెదవని ప్రశ్నించి, సమాధానములనుబట్టి పాత్రను నిర్ణయింతురు. దుస్తులకంటె ఇది లోతైన అలంకారము.

రూపము కూడ మనిషిని మార్చును. నిక్ యీ, జెరెమీ బేలెన్సన్ అను పరిశోధకులు 2007లో ప్రకటించిన ప్రయోగములో, కంప్యూటరు లోకమున ఎత్తయిన రూపము పొందినవారు, సొమ్ము పంచుకొను బేరమున పొట్టి రూపమువారికంటె గట్టిగా నిలిచిరి. ఆ ఎత్తు వారు కోరినది కాదు, వారికి ఇయ్యబడినది. ఇక మేనిచాయల వరుసలో తన చాయయే కనబడని బిడ్డ మనస్సెట్లుండునో ఊహింపవచ్చును.

ఈ మమకారము వర్తకులకును తెలియును. 2017లో వెలువడిన "ఫోర్ట్‌నైట్" పోరాటపుటాట ఉచితము. అందలి వేషములకు మాత్రము వెల కలదు. ఆ వేషము తుపాకి గురిని పెంచదు, పరుగును పెంచదు. అయినను పిల్లలు కొనుచున్నారు. రాయదుర్గములో అట్టి కొనుగోలు జరిగినచో, ఆ పైకము తల్లియో తండ్రియో మిషను తొక్కి తెచ్చిన కూలిలోనిదే.