సాఫ్ట్‌వేర్ పరీక్షకుల ఇంటర్వ్యూ: ఏడో ప్రయాణికుడే అసలు ప్రశ్న

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా కోటా పట్టణానికి రైల్వే స్టేషన్ కర్గీ రోడ్. డాక్టర్ సి.వి.రామన్ విశ్వవిద్యాలయం ఉన్నది ఇక్కడే. ఇటువంటి చిన్న పట్టణాల్లో చదివి సాఫ్ట్‌వేర్ నాణ్యతా పరీక్షకుల ఉద్యోగం కోరేవారికి నిర్వచనాలు వల్లె వేయడం ఒక్కటే చాలదు.

"రైలు టికెట్ బుకింగ్‌ను ఎలా పరీక్షిస్తారు?" అని ఇంటర్వ్యూలో అడగవచ్చు. ఆన్‌లైన్‌లో సాధారణ టికెట్‌పై ఆరుగురికి, తత్కాల్‌లో నలుగురికే అవకాశం. కనుక ఆరుగురితోనే కాక ఏడుగురితోనూ, ప్రయాణికులే లేకుండానూ ప్రయత్నించాలి. లోపాలు తరచూ హద్దుల వద్దే బయటపడతాయి. ఇది బౌండరీ వాల్యూ పరీక్ష.

2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. ఇటువంటి మార్పు తరువాత పాత సదుపాయాలు యథాతథంగా పనిచేస్తున్నాయో లేదో చూడటం రిగ్రెషన్ పరీక్ష.

తీవ్రత, ప్రాధాన్యం వేర్వేరు. తొలి పేజీలో సంస్థ పేరు తప్పుగా పడితే తీవ్రత స్వల్పం, ప్రాధాన్యం అధికం. డబ్బు పోయి టికెట్ రాకపోతే రెండూ అధికమే.

ఈ జాగ్రత్త విలువ 1996 జూన్ 4న ప్రపంచానికి తెలిసింది. ఏరియాన్-4 నుంచి తెచ్చిన సాఫ్ట్‌వేర్‌ను కొత్త రాకెట్ గమనానికి తగినట్లు పరీక్షించకపోవడంతో ఏరియాన్-5 తొలి ప్రయోగం నిమిషంలోపే విఫలమైంది.

అందుకే, జవాబుకు ముందు "నియమాలు ఏమిటి?" అని అడగడం అభ్యర్థికి లోపం కాదు, ఈ వృత్తికి అదే తొలి అర్హత.