మీకు తెలుసా? గళ్ల పరీక్షకు చిన్న చిప్ చాలు

భద్రాచలం దాటి చర్ల, దుమ్ముగూడెం మండలాల అడవి గూడేలకు వెళితే, క్షయ పరీక్షలో కష్టమంతా దూరంలోనే ఉందని తెలుస్తుంది. గళ్ల డబ్బా ఎండకు పాడవకుండా ల్యాబ్‌కు చేరాలి.

ఆ దూరాన్ని తగ్గించే యంత్రం మన దేశంలోనే తయారైంది. గోవాకు చెందిన మోల్‌బయో సంస్థ రూపొందించిన ట్రూనాట్ బ్యాటరీతోనూ పనిచేస్తుంది, ఏసీ గది అక్కర్లేదు. చిన్న చిప్ మీద క్షయ క్రిమి డీఎన్ఏను గంట, గంటన్నరలో పట్టేస్తుంది. క్షయకు వాడే రిఫాంపిసిన్ మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి మరో చిప్ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దీన్ని సిఫారసు చేసింది.

నమూనాను ల్యాబ్‌కు చేర్చడానికి మరో దారీ ఉంది. యాదాద్రి భువనగిరి జిల్లాలో బీబీనగర్ ఎయిమ్స్ గళ్ల నమూనాలను డ్రోన్లతో పంపి చూసింది. వాగులు పొంగితే దారులు తెగే మన్యానికి ఇంతకన్నా కావలసింది ఏముంటుంది!

అన్ని క్షయ కేసులూ గళ్లతో తేలవు, ఎందుకంటే క్షయ ఊపిరితిత్తులకు మాత్రమే రాదు. మెడ దగ్గర గ్రంథులు ఉబ్బితే సన్నటి సూదితో కణాలు తీస్తారు, అవసరమైతే చిన్న ముక్క కోస్తారు. ఆ ముక్కను మొత్తం ఫార్మలిన్‌లో వేయకూడదు. అందులో క్రిమి చచ్చిపోతుంది, ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షలో పెరగదు. అందుకే ఒక భాగాన్ని సెలైన్‌లో విడిగా పంపాలి.