గడువుల పంచాంగము

అనంతపురపు మెట్టరైతు కాలమును కార్తెలతో లెక్కించును. ఏడాదికి 27 కార్తెలు. ఒక్కొక్కటి 13 లేక 14 దినములు. జూన్ 8 ప్రాంతమున మృగశిర ప్రవేశించునాటికి దుక్కి సిద్ధము కావలెను. జూన్ 22 ప్రాంతమున ఆరుద్ర వచ్చునప్పటికి వేరుసెనగ విత్తనము ఒలిచి యుంచవలెను. వాన ఏనాడు కురియునో ఎవరికిని తెలియదు. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి ఋతుపవనములును, తూర్పుతీరమునకు దూరమగుటచే ఈశాన్య ఋతుపవనములును ఈ పీఠభూమికి అరకొరగనే అందును. ఏటి వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. తేదీ తెలియని వానకొరకు ఇన్ని ఏర్పాట్లు చేసికొను ఇంటిలోనే, తేదీ తెలిసిన పాఠశాల పని చివరి రాత్రివరకు మిగిలిపోవుచుండును.

దీనికి సోమరితనమే కారణమనుట తొందరపాటు. ఉన్నతపాఠశాల విద్యార్థి చదువవలసిన విషయములు ఆరేడు. తెలుగు ఉపాధ్యాయుడు వ్యాసమునకు ఒక గడువు చెప్పును. సాంఘికశాస్త్రపు ఉపాధ్యాయిని ప్రాజెక్టు పనికి వేరొకటి చెప్పును. ఒకరి గడువు మరియొకరికి తెలియదు. వేరుసెనగ పెరుకు దినములలో పొలము పనికి పోయిన బాలిక తిరిగి వచ్చుసరికి నల్లబల్లపై వ్రాసిన తేదీ చెరిగిపోయి యుండును. తల్లిదండ్రులు బెంగళూరునకు కూలికి వలసపోగా అవ్వతాతల యొద్ద పెరుగు పిల్లవానిని "రేపు ఏమి ఇయ్యవలెరా?" అని అడుగువారే యుండరు.

ఇట్టి చిక్కు ఒకప్పుడు దేశమునకే కలిగినది. ప్రాంతమునకొక పంచాంగము వాడుకలో నుండుటచే మేఘనాద సాహా అధ్యక్షతన 1952లో ఒక సంస్కరణ సంఘము ఏర్పడెను. దాని సిఫారసుపై 1957 మార్చి 22 నుండి జాతీయ పంచాంగము అమలులోనికి వచ్చెను. ఏడుగురు ఉపాధ్యాయులు ఏడు పంచాంగములు నడుపు తరగతికిని అట్టి సంస్కరణమే కావలెను.

దానికి తగిన సాధనము నేడు ఫోనులోనే కలదు. గూగుల్ క్యాలెండరు 2006లో వెలువడినది. 2014లో వచ్చిన గూగుల్ క్లాస్‌రూములో ఉపాధ్యాయుడు గడువుతో ఒక పని నిచ్చినచో, అది విద్యార్థి క్యాలెండరులో తనంతట తానే చేరును. క్లాస్‌రూము లేకున్నను, తరగతికంతకు ఉమ్మడిగా ఒక క్యాలెండరును తెరచి అందరికిని పంచవచ్చును. ఉపాధ్యాయుడు తేదీ మార్చినచో పంచుకొన్న వారందరి ఫోనులలోను అది మారును. విషయమునకొక రంగు నిచ్చినచో ఏ వారము బరువైనదో చూడగనే తెలియును. 2022 డిసెంబరులో రాష్ట్రప్రభుత్వము ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు ట్యాబులను పంచిపెట్టెను. అయినను పరికరము చేతికి వచ్చినంత మాత్రమున పని క్రమపడదు. దానిని వాడు పద్ధతిని నేర్పవలెను.

ఆ పద్ధతి వెనుకనుండి లెక్కించుట. "మా ఊరి చెరువు" అను ప్రాజెక్టును ఆగస్టు 25న ఇయ్యవలె ననుకొందము. క్యాలెండరులో ఆ తేదీ నొక్కదానినే వ్రాసినచో 24వ తేదీ రాత్రి గుండె దడదడలాడును. అట్లుగాక ఆగస్టు 11న పెద్దలను కలిసి చెరువు కథ అడుగుట, 16న గట్టును, తూమును చూచి పటము గీయుట, 20న చిత్తుప్రతి, 23న శుద్ధప్రతి అని నాలుగు మెట్లుగా వ్రాసికొన్నచో ఏ దినమును భారము కాదు. గడువు నొక్కదానినే గుర్తుంచుకొనుట, దుక్కియు విత్తనమును మరచి కోతదినమును మాత్రము తలచుకొను సేద్యము వంటిది.

పల్లెలో మరియొక చిక్కు కలదు. ఇంటిలో నుండు ఒక్క ఫోను ఉదయమే తండ్రివెంట పొలమునకు పోవును. కావున గుర్తుచేయు గంటను సాయంకాలము నాలుగింటికి పెట్టిన ప్రయోజనము లేదు. ఫోను ఇల్లు చేరు రాత్రి ఎనిమిదింటికి పెట్టవలెను. ఒకసారి ఫోనులోనికి చేరిన తేదీలు నెట్టు లేనప్పుడును కనబడును. కొత్త మార్పులు మాత్రము నెట్టు అందినపుడే వచ్చును. ఫోనే లేని ఇండ్లును కలవు. వారికొరకు ప్రతి సోమవారము ఒక విద్యార్థి, వంతులవారీగా, ఆ వారపు గడువులను పెద్ద కాగితముపై వ్రాసి తరగతి గోడకు అంటింపవలెను. గోడమీది కాగితము ఫోనులోని క్యాలెండరుకు తోడు.

ఉమ్మడి క్యాలెండరువలన ఉపాధ్యాయులకును ఒక పాఠము లభించును. ఒకే శుక్రవారమునకు మూడు విషయముల గడువులు పడినట్లు తెరపై కనబడినప్పుడు, ఒకటి రెండు సోమవారమునకు జరుపవలెనని వారికే తోచును. ఆలస్యమునకు బాలునొక్కనినే దండించు అలవాటు అంతటితో కొంత తగ్గును.

పదిదినములు పొలమున నుండి బడికి తిరిగి వచ్చు బాలికకు కావలసినది జాలి కాదు. తాను లేనప్పుడు ఏమి జరిగినదో, ఇక ఏమి మిగిలినదో తెలియుట. ముందురాత్రి తండ్రి ఫోనులో అది చూచుకొన్న పిల్ల మరునాడు తలవంచుకొనక తరగతిలో కూర్చుండును. వాన తేదీ ఎవరి చేతిలోను లేదు. గడువు తేదీ ఉపాధ్యాయుని చేతిలో నున్నది. అది పిల్లల చేతికి సకాలమున అందవలెను.