టెలివిజన్‌లో భాషకు చోటు

ఒకే ప్రాంతంలో రెండు మూడు భాషలున్నప్పుడు టెలివిజన్‌లో ఏ భాషకు ఎంత చోటు దొరకాలి? ఈ భాగం చదివాక, ఇతర భాషల నడుమ కొంత సమయం దొరకడానికీ సొంత ఛానెల్ ఉండడానికీ గల తేడాను మీరు వివరించగలుగుతారు.

1. తెలుగు అనుభవం

హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబరు 23న ప్రారంభమైంది. తెలుగుతో పాటు ఉర్దూ కార్యక్రమాలూ ప్రసారం చేసింది. 1982 ఆగస్టు 15న జాతీయ కార్యక్రమం మొదలైంది. అప్పటినుంచి రాత్రి ముఖ్యమైన వేళ హిందీ, ఇంగ్లీషులకు వెళ్లింది. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక ఈ స్థితి మారింది. 2006లో దూరదర్శన్ ఉర్దూకూ ప్రత్యేక ఛానెల్ ప్రారంభించింది.

2. వేల్స్ అనుభవం

బ్రిటన్‌లోని వేల్స్‌లో ఇంగ్లీషుతో పాటు వెల్ష్ భాష ఉంది. మొదట్లో వెల్ష్ కార్యక్రమాలు ఇంగ్లీషు కార్యక్రమాల మధ్య అక్కడక్కడ వచ్చేవి. వెల్ష్ ఛానెల్ ఇస్తామన్న ప్రభుత్వం మాట తప్పడంతో, 1980లో గ్విన్‌ఫర్ ఎవాన్స్ అనే నాయకుడు ఆమరణ నిరాహార దీక్ష చేస్తానని ప్రకటించారు. పొట్టి శ్రీరాములు దీక్ష గురించి తెలిసిన మనకు ఆ మాట బరువు అర్థమవుతుంది. దీక్ష మొదలుకాకముందే ప్రభుత్వం దిగివచ్చింది. 1982 నవంబరు 1న ఎస్‌4సీ ఛానెల్ మొదలైంది. తొలుత అందులోనూ ఇంగ్లీషు కార్యక్రమాలు ఉండేవి. 2010 నుంచి అది పూర్తిగా వెల్ష్ ఛానెల్. 2013లో వచ్చిన ‘హింటర్‌ల్యాండ్’ ధారావాహికలో సన్నివేశాలను వెల్ష్‌లో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చిత్రీకరించారు.

ఫలితమేమిటి? వెల్ష్ వచ్చినవారు 1901లో జనాభాలో దాదాపు సగం. 1981 నాటికి 18.9 శాతం. 2021లో 17.8 శాతం. అంటే పతనం వేగం బాగా తగ్గింది, కానీ భాష తిరిగి విస్తరించలేదు. ఇందులో బడుల పాత్ర కూడా ఉంది. ఛానెల్ ఒక్కటే భాషను కాపాడలేదు.

3. మన పరిసరాలు

నెక్కొండ చుట్టుపక్కల తండాలను గమనించండి. ఇంట్లో లంబాడీ, బడిలో తెలుగు, టీవీలోనూ తెలుగే. లంబాడీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో లేదు. దానికి దూరదర్శన్‌లో ప్రత్యేక ఛానెల్ లేదు. తన ఇంటి భాషలో వార్త గాని, కథ గాని ఎన్నడూ వినని పిల్లవాడికి, అది ఇంటి గడప దాటని భాష అనిపిస్తుంది. ఒకప్పుడు హిందీ ముందు తెలుగు ఎలా ఉందో, ఇవాళ తెలుగు ముందు లంబాడీ అలా ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఊళ్లో వినిపించే భాషలెన్ని? వాటిలో టీవీలో వినిపించనివి ఏవి? కారణాలు రాయండి.