హ్యూ డౌడింగ్: గగనతల రక్షణలో పొదుపు సూత్రం

1940 వేసవిలో బ్రిటన్‌ను జర్మన్ వైమానిక దాడుల నుండి కాపాడిన సేనానిగా హ్యూ డౌడింగ్ ప్రసిద్ధుడు. అయితే ఆ విజయానికి పునాదులు యుద్ధానికి ముందే పడ్డాయి. ఉన్న బలాన్ని వృథా కానీయకపోవడం అతని సైనిక జీవితమంతటా కనిపించే సూత్రం. అతని విజయానికే కాక పదవీచ్యుతికి కూడా ఈ సూత్రంతో సంబంధముంది.

1882లో స్కాట్లాండులోని మోఫట్‌లో జన్మించిన డౌడింగ్ ఫిరంగి దళాధికారిగా జీవితం ప్రారంభించి, 1913లో విమానం నడపడం నేర్చుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధంలో అలసిన పైలట్లకు విశ్రాంతి కావాలని పట్టుబట్టి పై అధికారి ట్రెంచర్డ్ ఆగ్రహానికి గురయ్యాడు.

1930లో వైమానిక మండలిలో సరఫరా, పరిశోధనల బాధ్యత చేపట్టాడు. రేడియో తరంగాలతో విమానాల ఉనికిని పసిగట్టవచ్చన్న వాట్సన్ వాట్ ప్రతిపాదన వచ్చినప్పుడు, ముందుగా ప్రయోగాత్మక నిరూపణ కోరాడు. 1935 ఫిబ్రవరి 26న డావెంట్రీ సమీపంలో ఆ ప్రయోగం సఫలమైంది. 1936లో ఫైటర్ కమాండ్ ఏర్పడగానే దాని అధిపతి అయ్యాడు.

రాడార్ పరికరం కంటే, దాని సమాచారాన్ని వినియోగించిన పద్ధతే ఇక్కడ ముఖ్యం. తీరంలోని రాడార్ కేంద్రాల నివేదికలు టెలిఫోను ద్వారా బెంట్లీ ప్రయరీలోని వడపోత గదికి చేరేవి. అక్కడ పరస్పర విరుద్ధమైన అంచనాలను సరిపోల్చి, తేలిన సమాచారాన్ని గ్రూపు కార్యాలయాలకు పంపేవారు. తీరం దాటి లోపలికి వచ్చిన విమానాలను పరిశీలక దళం కంటితో, చెవితో గుర్తించేది. ఏ స్క్వాడ్రన్ లేవాలో గ్రూపు అధిపతి నిర్ణయించగా, సెక్టారు కేంద్రాలు రేడియో ద్వారా దారి చూపేవి. ఫలితంగా నిరంతర గస్తీ అవసరం తప్పింది. ఇంధనం, ఇంజన్లు, అన్నిటికంటే మిన్నగా పైలట్ల శక్తి మిగిలాయి.

ఫ్రాన్సుకు మరిన్ని యుద్ధవిమానాలు పంపడాన్ని వ్యతిరేకిస్తూ 1940 మే 16న డౌడింగ్ రాసిన లేఖలోనూ ఇదే తర్కం ఉంది. స్వదేశ రక్షణకు 52 స్క్వాడ్రన్లు అవసరమన్న అంచనాకు ఎదురుగా 36 మాత్రమే మిగిలాయని అందులో గుర్తుచేశాడు.

అతని పదవీచ్యుతిని 11వ గ్రూపు అధిపతి కీత్ పార్క్‌కు, 12వ గ్రూపు అధిపతి లీ మాలరీకి మధ్య తలెత్తిన వివాదంతోనే ముడిపెట్టడం పరిపాటి. చిన్న బృందాలతో శత్రువును త్వరగా ఎదుర్కోవాలని పార్క్, పెద్ద సమూహాలుగా దెబ్బతీయాలని లీ మాలరీ వాదించారు. ఇద్దరికీ పై అధికారి అయి ఉండి కూడా ఆ విభేదాన్ని సకాలంలో పరిష్కరించకపోవడం డౌడింగ్ లోపమే. కాని రాత్రి దాడుల సమస్య అంతకంటే తక్కువదేమీ కాదు. తీరపు రాడార్లు సముద్రం వైపే చూసేవి. చీకటిలో లోపలి నగరాల మీదికి వచ్చిన బాంబర్లను పట్టుకునే సాధనం లేదు. విమానంలోనే అమర్చే రాడార్ పరిణతి చెందేవరకు వేరే మార్గం లేదని డౌడింగ్ వాదన. 1941 వసంతంలో రాత్రి యుద్ధవిమానాలు సాధించిన ఫలితాలు ఆ వాదనను బలపరిచాయి. కాని రోజూ బాంబులు పడుతున్న నగరాలకు అంతవరకు వేచి ఉండమని చెప్పగల ప్రభుత్వం ఏది?

1940 నవంబరులో అతని స్థానంలో షోల్టో డగ్లస్ నియమితుడయ్యాడు. మరుసటి సంవత్సరం బ్రిటన్ సమరంపై వైమానిక మంత్రిత్వశాఖ వెలువరించిన చిన్న పుస్తకంలో డౌడింగ్ పేరే లేదు.